సంపూర్ణమ్మగారి పిడికిలి

నాది పాలకొల్లులో మైక్‌సెట్ల షాపు. పెళ్ళిళ్ళకీ, గుడి ఉత్సవాలకీ, చర్చి పండగలకీ నా పెట్టెలే వెళ్తాయి. ఏ దేవుడి ముందు వైరు లాగినా కరెంటు ఒకటే కాబట్టి నాకు అందరూ సమానమే. దెయ్యాల్నీ గాలీ ధూళీనీ నమ్మే మనిషిని కాను. స్పీకర్లో వింత చప్పుడు వస్తే ఎర్తింగు చూసుకుంటాను, అంతే. ఈ మాట ముందే ఎందుకు చెప్పి పెడుతున్నానంటే, తరవాత చెప్పేది విని మీరు నన్ను ఏదో ఒకటి అనుకుంటారు. అనుకోండి.

నరసాపురం దారిలో కాలవ వంతెన దిగగానే చినపేట వస్తుంది. అక్కడ ఓ చిన్న చర్చి, దానికో క్వయర్, అంటే పాటల బృందం. ఆ క్వయర్‌ని నడిపేది సంపూర్ణమ్మగారు. నడపడమంటే ఇంతా అంతా కాదు. పాట కట్టడం, గొంతులు పంచడం, ఆలస్యంగా వచ్చినవాళ్ళని గుమ్మంలోనే కడిగేయడం, అన్నీ ఆవిడే. జీవనాధారం లేసు అల్లిక. ఎవరూ రాకముందే వచ్చి మొదటి బెంచీ మీద కూర్చుని తెల్లదారంతో పువ్వులు అల్లుతూ ఉంటారు. అందరూ వచ్చాక లేసు సూదిని కొప్పులో గుచ్చుకుని లేచి నిలబడతారు. ఆ సూది కొప్పులోకి వెళ్ళిందంటే చర్చిలో ఈగ కూడా చప్పుడు చెయ్యదు.

నా స్పీకరు కుయ్‌మన్నప్పుడల్లా ఆవిడ చూసే చూపుకి నాకు ఇప్పటికీ చెమటలు పడతాయి. "బుల్లిబాబూ, ఆ పెట్టెకి పిప్పిపన్నేమైనా ఉందేమో పీకించకూడదా?" అనేవారు అందరి ముందూ. పిల్లలంతా కిసుక్కున నవ్వేవాళ్ళు. నాకు కోపం వచ్చేది కాని, మళ్ళీ వారం అందరికంటే ముందు వెళ్ళేది నేనే.

ఆవిడ భర్త పెళ్ళయిన కొత్తల్లోనే పోయాడు. ఒక్కతే కూతురు, ప్రసన్నకుమారి. నరసాపురంలో లేసు సరుకు ఎగుమతి చేసే ఓ కంపెనీలో ప్యాకింగు పని చేసేది. సన్నగా రివటలా ఉండేది కాని, ఆ గొంతు ఎక్కణ్ణించి తెచ్చుకుందో! బావిలోంచి వచ్చినట్టు ఉండేది. ఫోన్లో "హలో" అంటే అవతలివాళ్ళు "ఆయ్, చెప్పండి బాబూ" అనేవాళ్ళు. నేను దాన్ని "బేసు బాక్సు" అని పిలిచేవాణ్ణి. "మీ షాపులో బాక్సుల కంటే నయమే కదండీ మావయ్యగారూ" అని నవ్వేది. క్వయర్‌లో కింది గొంతు అదొక్కతే. పందిరికి రాటలెంతో ఆ పాటలకి ఆ గొంతు అంత. పైన ఎవరు తప్పు పాడినా కూలిపోకుండా మోసేది.

పనిలోకి బయల్దేరేటప్పుడు వీధి గుమ్మంలో నిలబడి "వెళ్ళొస్తానమ్మా" అనేది. సంపూర్ణమ్మగారు అల్లిక మీంచి తలెత్తకుండా "వెళ్ళిరా" అనేవారు. ఎవరి ఇంట్లోనైనా ఉండేదే. నేనెందుకు చెబుతున్నానో తరవాత మీకే తెలుస్తుంది.

ఇక ఇర్మా అమ్మగారి సంగతి చెప్పాలి. మూడేళ్ళ కిందట హాలండు దేశం నుంచి ఓ క్వయర్ మా వైపు వచ్చింది. పాలకొల్లులో పూర్వం డచ్చివాళ్ళు, అంటే ఆ హాలండు వాళ్ళే, గిడ్డంగులు పెట్టి బట్టల వ్యాపారం చేశారని మా తాతలు చెప్పేవారు. వాళ్ళ సమాధుల రాళ్ళు చూడ్డానికి అప్పుడప్పుడు దొరలు వస్తుంటారు. అందుకని చర్చి సంఘ పెద్ద లోవరాజుగారు దొరల కోసం బంతిపూల దండలు కట్టించి, బల్లల మీద తెల్లదుప్పట్లు పరిపించి, "వెల్‌కమ్" బోర్డు పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డారు. బస్సు ఆగింది. అందులోంచి నిగనిగలాడే నల్లటి ఆడవాళ్ళు, మగవాళ్ళు దిగారు. లోవరాజుగారు దండ పట్టుకుని బస్సు వెనక్కి వెళ్ళి దొరలు ఎక్కడున్నారా అని చూస్తున్నారు. నేను నవ్వాపుకోలేక చచ్చాను. ముందు దిగిన పెద్దావిడ ఆ సంగతి కనిపెట్టి పకపకా నవ్వి, తనే తల వంచి దండ వేయించుకుంది. ఆవిడే ఇర్మా అమ్మగారు. హాలండులో రోటర్‌డామ్ అనే ఊళ్ళో ఆ క్వయర్‌కి డైరెక్టరు.

వాళ్ళది అసలు దక్షిణ అమెరికాలోని సూరినామ్ అనే దేశమట. ఒకప్పుడు డచ్చివాళ్ళు ఆఫ్రికా నుంచి మనుషుల్ని కొని ఓడల్లో అక్కడికి తోలుకెళ్ళి చెరకు తోటల్లో బానిసలుగా పెట్టారట. ఆ బానిసల మునిమనవలు వీళ్ళు. మాకు ఇదంతా చెప్పింది హారతి. పక్క ఊళ్ళో కొబ్బరితోటల రైతు శివరామకృష్ణ కూతురు. కాలేజీ పిల్ల, ఇంగ్లీషు బాగా వచ్చు. వాళ్ళది చర్చికి వెళ్ళే ఇల్లు కాదు, ఇంట్లో శుక్రవారం పూజలు మానదు. కాని పాట పిచ్చితో సంపూర్ణమ్మగారి దగ్గర చేరింది. వెండి మువ్వలాంటి పై గొంతు. నిలబడే చోటు ప్రసన్న పక్కనే.

డచ్చివాళ్ళ పాత గోడ చూపించడానికి తీసుకెళ్తే ఇర్మా అమ్మగారు దాని మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డారు. ఇక్కడ నేసిన బట్ట ఓడల్లో వెళ్ళి, ఆ బట్టకి మారుగా మనుషుల్ని కొన్నారని, "మా అమ్మమ్మల ఖరీదు మీ బట్టే" అని చెప్పారు. హారతి తెలుగులో చెప్పడానికి నోరు రాక నీళ్ళు నమిలి, ఎలాగో చెప్పింది. సంపూర్ణమ్మగారు తన చేతిలో ఉన్న లేసు ముక్కని ఆవిడ చేతిలో పెట్టారు. అక్కణ్ణించి ఇద్దరూ భాష లేకుండానే అక్కచెల్లెళ్ళయిపోయారు.

వారం రోజులు రెండు క్వయర్లూ కలిసి పాడాయి. ఇర్మా అమ్మగారి పద్ధతి వేరు. కాగితం ఉండదు. చెయ్యి చాచి అరచెయ్యి పైకి పెట్టి ఎవరి వైపు చూస్తే ఆ గొంతు రావాలి. పాట చివర అందరూ ఒకే ఊపిరిలో స్వరం పట్టుకుని ఉంటారు. ఆవిడ పిడికిలి మూస్తే ఆగాలి. మూసేదాకా ఆగకూడదు. ఆ పిడికిలి గురించి ఆవిడకి మహా పట్టింపు. "మా వాళ్ళలో ఎవరైనా పోతే ఎనిమిదో రోజున ఆ ఇంట్లో పాటలు పాడి సాగనంపుతాం. సమాధులు లేని వాళ్ళం కదా, పాటతోనే పంపాలి. చెయ్యి చాచి పిలిస్తే ఎవరైనా వస్తారు. పిలిచినవాళ్ళే పిడికిలి మూసి పంపించాలి. తెరిచిన చెయ్యి తెరిచినట్టు వదిలేసి ఎప్పుడూ వెళ్ళకు." ఇదీ ఆవిడ చెప్పింది. సంపూర్ణమ్మగారికి అది వెంటనే పట్టుబడింది. లేసులో చివరి ముడి వెయ్యకపోతే మొత్తం అల్లిక ఊడిపోతుంది కదా, ఇదీ అంతే అన్నారు.

ఇర్మా అమ్మగారు నేర్పిన రాగానికి సంపూర్ణమ్మగారు తెలుగు మాటలు కట్టారు. "ఆవలి గట్టున దీపం వెలిగెను, నన్నూ దాటించవయ్యా" అని. చివరి "అయ్యా" మీద అందరూ నిలబడాలి. రెండేళ్ళు ఆ పాటతో మా జిల్లా అంతా తిరిగారు. నా బాక్సులు కూడా తిరిగాయి.

కిందటేడు వానాకాలం చివర, ఆదివారం మధ్యాహ్నం ప్రాక్టీసు. కొత్త మిక్సరు పెట్టి చూద్దామని నేనూ వెళ్ళాను. ఆ రోజు సరుకు పంపాలని కంపెనీవాళ్ళు పిలిస్తే ప్రసన్న నరసాపురం వెళ్ళింది, ఇంకా రాలేదు. "రానీ దీని సంగతి చెబుతాను" అని సణుక్కుంటూనే సంపూర్ణమ్మగారు సూది కొప్పులో గుచ్చి పాట మొదలుపెట్టారు. కింద గొంతు లేక పాట గాల్లో ఊగుతోంది. చివరి "అయ్యా" వచ్చింది. ఆవిడ అలవాటు కొద్దీ కూతురు నిలబడే ఖాళీ చోటు వైపు తిరిగి, అరచెయ్యి పైకి పెట్టి చెయ్యి చాచారు.

కింది గొంతు వచ్చింది.

నేను చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నాను. పిల్ల వచ్చేసింది కాబోలని తలెత్తి చూశాను. ఆ చోట ఎవరూ లేరు. హారతి పక్కకి తిరిగి చూస్తోంది, ఆ పిల్ల నోరు పాడుతూనే ఉంది కాని కళ్ళు బెదురుతున్నాయి. అందరూ విన్నారు. సంపూర్ణమ్మగారి చెయ్యి అలాగే చాచి ఉంది. అప్పుడు గుమ్మంలోంచి లోవరాజుగారి కేక వినిపించింది. ఆటో కాలవలో పడిపోయిందని, మన పిల్ల అందులోనే ఉందని. సంపూర్ణమ్మగారు చాచిన చెయ్యి చాచినట్టే పరిగెత్తారు. మేమంతా వెనకాల పరిగెత్తాం.

గట్టు మీద పడుకోబెట్టి ఉంది. తీసి చాలాసేపయిందని అక్కడివాళ్ళు చెప్పారు. అంటే మేము ఆ గొంతు విన్నప్పటికే ఆ పిల్ల లేదు.

తల్లి ఏడ్చిన ఏడుపు నేను రాయను. నాకు చేతకాదు.

నెల తిరిగాక సంపూర్ణమ్మగారు మళ్ళీ క్వయర్ మొదలుపెట్టారు. మనిషికి కాస్త ఊరట దొరుకుతుందని అందరూ సంతోషించారు. నన్ను పిలిచి, ప్రసన్న చోటు చూపించి, "అక్కడో మైకు పెట్టు బాబూ" అన్నారు.

"ఎవరికండి?"

"పెట్టమన్నాను కదా."

పెట్టాను. పిల్లని పోగొట్టుకున్న తల్లి అడిగితే నేనే కాదు, రాయి కూడా పెడుతుంది. పాట మొదలైంది. మిక్సరు మీద ప్రతి మైకుకీ ఓ చిన్న ఆకుపచ్చ లైటు ఉంటుంది, దాని ముందు ఎవరైనా పాడితే వెలుగుతుంది. ఖాళీ మైకు లైటు వెలిగింది. పక్కవాళ్ళ గొంతు పడుతోందనుకుని పక్క మైకులన్నీ కట్టేశాను. ఇంకా వెలుగుతోంది. వైరు మార్చాను, మైకు మార్చాను, ఎర్తింగు రాడ్డు దగ్గర నీళ్ళు పోసి వచ్చాను. తిరిగొచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ముందు ఓ ఊపిరి లోపలికి పీల్చుకోవడం వినిపించింది, పాడబోయే మనిషి పీల్చుకున్నట్టు. ఆ తరవాత గొంతు వచ్చింది. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, బయటికొచ్చి చెప్పులేసుకున్నాను. మళ్ళీ విప్పి లోపలికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలీదు.

సంపూర్ణమ్మగారు ఆ ఖాళీ చోటు వైపు చూసి నవ్వుతున్నారు. చివరి "అయ్యా" వచ్చింది. పిడికిలి మూయలేదు. చెయ్యి అలా తెరిచే ఉంచి, మెల్లగా దించి, అల్లిక తీసుకుని కూర్చుండిపోయారు. అందరూ ఊపిరి అయిపోయి ఒక్కొక్కరే ఆగిపోయారు. కింది గొంతు మాత్రం ఆగలేదు.

అప్పట్నించి ప్రతి వారం అదే తంతు. పాట ముగియదు. తాళం వేసిన చర్చిలోంచి మిట్టమధ్యాహ్నం కూనిరాగం వినిపిస్తోందని కాలవలో బట్టలుతికే వాళ్ళు రేవు మార్చుకున్నారు. క్వయర్ ఆడవాళ్ళు వంట చేస్తూ, నాట్లు వేస్తూ తెలీకుండానే ఆ చివరి స్వరం పట్టుకుని ఉండేవాళ్ళు. ఎవరైనా భుజం తడితే ఉలిక్కిపడి ఆపేవాళ్ళు. లోవరాజుగారు ప్రార్థన పెట్టించారు. వేరే లీడర్ని వేస్తామన్నారు. "వెయ్యండి, కాని నా పిల్ల ఎవరి చేతికి పాడుతుందో చూస్తాను" అన్నారు సంపూర్ణమ్మగారు. మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆవిడ అల్లే లేసు కూడా చివరి ముడి పడకుండా బెంచీ మీంచి నేల మీదకి, నేల మీంచి గుమ్మం వైపుకి సాగుతూ వచ్చింది.

అక్కడితో ఆగి ఉంటే నేను నోరు మూసుకునేవాణ్ణి. ఎవరి పిల్ల గొంతు వాళ్ళు వింటే నాకెందుకు బాధ? కాని చలికాలం వెళ్ళాక ఓ రోజు పొద్దున్నే హారతి తల్లి వెంకటదుర్గ నా షాపుకి వచ్చి కుర్చీలో కూలబడింది.

"అన్నయ్యగారూ, మా అమ్మాయి గొంతు పోతోందండి."

"జలుబేమోనమ్మా. డాక్టరుకి చూపించండి."

"భీమవరం తీసుకెళ్ళామండి. గొంతు శుభ్రంగా ఉందన్నారు. పోవడమంటే పోవడం కాదండి, మారిపోతోంది. మగాడి గొంతులా కిందకి దిగిపోయింది. ప్రాక్టీసు మాన్పించేశానండి. ఆదివారం గదిలో కూర్చోబెట్టి గొళ్ళెం పెట్టాను. చర్చిలో పాట మొదలయ్యే వేళకి ఇంట్లో గదిలో ఇది మొదలెట్టిందండి. గుమ్మానికి అడ్డంగా కూర్చుని విన్నాను. అది నా పిల్ల గొంతు కాదండి."

నేను ఏదో ధైర్యం చెప్పబోయాను. ఆవిడ నా మాట వినలేదు.

"నిన్న కాలేజీకి వెళ్తూ గుమ్మంలో ఆగింది. నా వంక చూసి, 'వెళ్ళొస్తానండి ఆంటీ' అంది. నన్నండి. కన్నతల్లిని ఆంటీ అందండి, అన్నయ్యగారూ."

అది చెప్పి కొంగు నోట్లో కుక్కుకుంది. సంపూర్ణమ్మగారితో నేను మాట్లాడతాను, అమ్మాయిని ఈ వారానికి పంపండి, పక్కనే నేనుంటాను అని మాటిచ్చాను. గదిలో పెట్టినా ఆగనప్పుడు కళ్ళెదుట ఉండడమే మేలనుకున్నాను.

ఆ వారమే రోటర్‌డామ్ వాళ్ళతో ఫోన్లో ప్రాక్టీసు. వచ్చే మట్టల ఆదివారం, అంటే ఈస్టరుకి ముందు ఆదివారం, ఆరాధనలో రెండు క్వయర్లూ వీడియోలో కలిసి పాడాలని ఎప్పణ్ణించో అనుకున్నారు. నేను ఫోన్ని స్టాండుకి బిగించి స్పీకరుకి కలిపాను. ఇర్మా అమ్మగారు తెర మీద కనిపించి ప్రసన్న పోయినందుకు మళ్ళీ కంటతడి పెట్టుకున్నారు. ముందు మావాళ్ళని పాడమన్నారు. సగం పాట అయ్యేసరికి ఆవిడ చెయ్యి పైకెత్తి ఆపారు. ఏదో అడిగారు.

హారతి తెలుగులో చెప్పింది. "ఎడం పక్కన కింది గొంతు పాడుతున్న ఆవిడ ఎవరని అడుగుతున్నారండి. అక్కడ ఎవరూ కనబడ్డం లేదంటున్నారు."

ఆ చెప్పిన గొంతు ప్రసన్నది. నేను పక్కనే నిలబడి విన్నాను. ప్రసన్నది.

ఇర్మా అమ్మగారు కళ్ళజోడు తీసేశారు. సంపూర్ణమ్మగారి వంకే చూస్తూ మెల్లగా మాట్లాడారు. హారతి ఒక్కో మాటా చెబుతూ వచ్చింది, మార్కెట్టు ధరలు చదివినట్టు.

"నువ్వామెని పిలిచావు. పంపలేదు. పాపం, ఆమెకి నిలబడ్డానికి చోటు లేదు. అందుకని పక్కపిల్లలోకి జరుగుతోంది. ఆ పిల్ల తన ఒంట్లోంచి పూర్తిగా బయటికెళ్ళాక నువ్వు మూసినా లాభం లేదు. మట్టల ఆదివారం అందరి ముందూ పాడి, పిడికిలి ముయ్యి. అని చెబుతున్నారండి."

సంపూర్ణమ్మగారు లేచి వెళ్ళి ఫోను కట్టేశారు. ఆ తరవాత హారతి ముందు నిలబడి, గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, "నీ పేరేంటమ్మా?" అని అడిగారు.

హారతి ఆలోచించింది. ఎక్కడో పెట్టి మర్చిపోయిన వస్తువు కోసం వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ చూసింది. చాలాసేపటికి, "హారతండి" అంది. అన్నాక అది నిజమేనా అన్నట్టు నా వైపు చూసింది.

అందరూ వెళ్ళాక నేను ఆవిడ దగ్గర కూర్చున్నాను. మామూలుగా నేను ఆవిడకి ఎదురు చెప్పేవాణ్ణి కాదు. ఆ రోజు చెప్పాను.

"అమ్మగారూ, మూసెయ్యండి."

"నీకేం తెలుసు."

"నాకేం తెలీదండి. ఆ పిల్ల వాళ్ళమ్మని ఆంటీ అందంట. అది తెలుసు."

ఆవిడ అల్లుతూనే ఉన్నారు. "ఫొటోలో నవ్వుతుంది, మాట్లాడదు. బట్టల్లో వాసన పోయింది. నాకు మిగిలింది ఆ గొంతొక్కటే బుల్లిబాబూ. అది ఆగిపోతే దాన్ని రెండోసారి కాలవలో తోసినట్టే కదా. తోస్తావా? నీకు ఆడపిల్లుంది. నువ్వు తోస్తావా?"

నేను తల దించుకుని ఫోను స్టాండు విప్పడం మొదలుపెట్టాను. ఆవిడ అల్లుతూనే ప్రసన్న చోటు వైపు చూశారు.

"అక్కడ ఉంది. నాకు తెలుసు. రోజూ కూర్చుని కబుర్లు చెబుతున్నాను. వినబడుతుందో లేదో తెలీదు. దానికి పాట తప్ప ఏమీ రాదు ఇప్పుడు." కాస్త ఆగి, "అలిసిపోయింది. ఊపిరి తీసుకోనివ్వడం లేదు నేను" అన్నారు. అప్పుడు మాత్రం సూది ఆగింది.

మట్టల ఆదివారం పొద్దున్న జనం ఈతమట్టలు పట్టుకుని పేటంతా తిరిగి పాడుకుంటూ చర్చికి వచ్చారు. ఎండ కిటికీల్లోంచి తెల్లగా పడుతోంది. ఎప్పుడూ చర్చి గుమ్మం దాటని వెంకటదుర్గ వెనక బెంచీలో కూర్చుంది, నుదుట ఇంత బొట్టుతో, ఒళ్ళో ఎవరో ఇచ్చిన మట్టతో. ఫోన్లో రోటర్‌డామ్ వాళ్ళు నిలబడి ఉన్నారు. నేను మిక్సరు దగ్గర ఉన్నాను. ఖాళీ మైకు లైటు పాట మొదలవకముందే వెలిగి ఉంది.

సంపూర్ణమ్మగారు సూది కొప్పులో గుచ్చుకున్నారు.

అంత బాగా ఆ పాట ఎప్పుడూ పాడలేదు. అందుకే నాకు భయం వేసింది. రెండు దేశాల గొంతులు కింద ఒక్క గొంతు మీద నిలబడ్డాయి. ఆ గొంతు ఖాళీ మైకులోంచీ వస్తోంది, హారతి నోట్లోంచీ వస్తోంది, ఏది ఎక్కణ్ణించో నాకు తెలియడం లేదు. హారతి మొహంలో హారతి లేదు. నవ్వినప్పుడు ప్రసన్నకి ఎడమ బుగ్గ మీద సొట్ట పడేది. అది పడుతోంది.

చివరి "అయ్యా" వచ్చింది. సంపూర్ణమ్మగారు చెయ్యి చాచారు, కూతురి చోటు వైపు, అరచెయ్యి పైకి పెట్టి. అందరూ పట్టుకుని ఉన్నారు. ఊపిరి అయిపోతోంది. మెడల మీద నరాలు లేస్తున్నాయి. చెయ్యి కదల్లేదు. అందరూ ఒక్కొక్కరే ఆగిపోతారు, మళ్ళీ పాత కథే అనుకున్నాను. అప్పుడు వెనక బెంచీలో వెంకటదుర్గ లేచి నిలబడింది. మట్ట పట్టుకుని నిలబడింది, అంతే. సంపూర్ణమ్మగారు ఆవిణ్ణి చూశారు. ఆ ఇద్దరూ ఎంతసేపు చూసుకున్నారో నేను చెప్పలేను.

పిడికిలి మూశారు. ఒక్కో వేలూ మూశారు.

అందరూ ఆగారు. ఫోన్లో వాళ్ళూ ఆగారు. హారతి నోరు కూడా మూతపడింది.

కింది గొంతు ఆగలేదు. అంత నిశ్శబ్దంలో ఒంటరిగా, ఎవరూ లేని మైకులోంచి, ఇంకా పాడుతూనే ఉంది. చేసిన తప్పేమిటో తెలీని పిల్లలా కాస్త వణికింది కూడా. జనం బెంచీల్లో ముడుచుకుపోయారు. సంపూర్ణమ్మగారు మూసిన పిడికిలిని గుండెకి ఆనించుకుని ఆ చోటికి నాలుగు అడుగులు నడిచారు. ప్రతి పొద్దుటా గుమ్మంలో అన్న మాటే ఆవిడ నోటిదాకా వచ్చింది. నేను చూశాను, పెదవులు కదిలాయి. సగంలో ఆపేసుకున్నారు.

"వెళ్ళమ్మా" అన్నారు.

అంతే అన్నారు. రమ్మనలేదు.

గొంతు ఆగిపోయింది. ఆకుపచ్చ లైటు ఆరిపోయింది. కాసేపటికి హారతి దగ్గింది, ఇంకా దగ్గింది, చుట్టూ చూసి సన్నటి వెండి మువ్వ గొంతుతో "అమ్మా" అని ఏడ్చింది. సంపూర్ణమ్మగారు ఆ పిలుపుకి గభాలున తిరిగారు. ఆ పిల్ల వెనక బెంచీ వైపు పరిగెడుతోంది.

ఆరాధన అయిపోయి జనం వెళ్ళిపోయారు. నేను వైర్లు చుట్టుకుంటున్నాను. సంపూర్ణమ్మగారు బెంచీ మీద కూర్చుని, గుమ్మం దాకా సాగిన లేసుని ఒళ్ళోకి లాక్కుని చివరి ముడి వేస్తున్నారు. "ఆ మైకు తీసెయ్యి బాబూ" అన్నారు తలెత్తకుండా.

తీశాను. చేతికి తడి తగిలింది. మైకు మూతి మీద జాలీ అంతా చెమ్మగా ఉంది, చాలాసేపు దగ్గరగా నిలబడి పాడితే నోటి ఆవిరి పడుతుంది చూశారా, అలా. ఏం చెయ్యాలో తోచక ఆవిడకి చూపించాను. ఆవిడ నా చేతిలోంచి తీసుకుని, వేలితో తాకి చూసుకుని, పైట చెంగుతో మెల్లగా తుడిచారు, అన్నం తిన్న పిల్ల మూతి తుడిచినట్టు.